ఈ వారం ఎన్ని మాటలు?

హవానా దగ్గర హెమింగ్వే ఇంట్లో, గోడకి తగిలించిన ఒక జింక తల కింద, అట్టపెట్టె నుంచి కోసిన ముక్క ఒకటి ఉండేదట. దాని మీద అంకెలు. 450, 575, 462, 1250, మళ్ళీ 512. రోజుకి రాసిన మాటల లెక్క అది. 1958లో ‘పారిస్ రివ్యూ’లో వచ్చిన ఇంటర్వ్యూ కోసం వెళ్ళిన జార్జ్ ప్లింప్టన్ ఆ అట్టముక్క గురించి రాశాడు. పెద్ద అంకెలున్న రోజులకి కారణం కూడా చెప్పాడు. మర్నాడు సముద్రం మీదికి చేపల వేటకి వెళ్తే మనసు పీకకుండా ఉండాలని ముందురోజే కాస్త ఎక్కువ రాసిపెట్టుకునేవాడట.

అప్పటికి ఆయనకి నోబెల్ వచ్చి నాలుగేళ్ళు. ఏది రాసినా అచ్చేసుకోవడానికి జనం సిద్ధంగా ఉన్నారు. ‘నిన్న ఎన్ని మాటలు రాశావు?’ అని ఆయన్ని నిలదీసే మొనగాడు ఎవడూ లేడు. అయినా చేపలు పట్టడానికి వెళ్ళాలంటే ఎవరి దగ్గరో సెలవు అడగాల్సొచ్చింది. ఆ సెలవు మంజూరు చేసింది ఒక అట్టముక్క.

ఇవాళ తెలుగులో సొంతంగా కథలూ నవలలూ రాసుకుని, సొంతంగా అచ్చేసుకుని, పార్సిళ్ళు కూడా సొంతంగానే కట్టుకునే వాళ్ళలో చాలామంది దగ్గర అలాంటి అట్టముక్క ఏదో ఒకటి ఉంది. నాకు తెలిసిన వాళ్ళలో ఒకరికి గూగుల్ షీట్, ఒకరికి ఫోన్లో నోట్స్, ఒకరికి పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే పక్కన చిన్న అంకె. మన దగ్గర రోజు లెక్క కంటే వారం లెక్క ఎక్కువ. దానికి పెద్ద తాత్విక కారణమేం లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు మింగేస్తుంది, శనాదివారాల్లో దాని చేత ఎంత కక్కించగలిగామన్నదే లెక్క. నా షీట్లో నాలుగు కాలమ్స్ ఉండేవి: వారం, మాటలు, గంటలు, మొత్తం. ఆదివారం రాత్రి పడుకోబోయే ముందు నింపడం.

షీట్ పెట్టుకుంటే ఎక్కువ రాస్తామా అన్న ప్రశ్న నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. రాస్తాం. ఇబ్బంది పెట్టేది వేరే. తెలుగులో ‘లెక్క’ అనేది ఒంటరిగా ఉండే మాట కాదు. లెక్క చెప్పాలి, అప్పజెప్పాలి, తేల్చాలి, అదీ ఎవరికో ఒకరికి. కరణం లెక్క సర్కారుకి. గుమాస్తా లెక్క షావుకారుకి. కొట్టుకెళ్ళొచ్చిన పిల్లాడి చిల్లర లెక్క అమ్మకి. ఎవరికీ చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి ‘ఎవర్నీ లెక్కచెయ్యడు’ అంటాం, అదేం పొగడ్త కాదు. మరి ఎడిటర్ లేని, పబ్లిషర్ లేని, వచ్చే సంచికలో తన కోసం ఖాళీ పేజీలు ఎదురుచూడని మనిషి ఆదివారం రాత్రి కూర్చుని ఎవరికి లెక్క చెబుతున్నట్టు?

ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికల కాలంలో సీరియల్ రాసేవాళ్ళకి వారం అంటే ప్రెస్సు. భాగం చివర ‘సశేషం’ అని పడిందంటే వచ్చే వారానికి బాకీ పడినట్టే. ఆ బాకీ వసూలు చేసుకోవడానికి ఎడిటర్ ఉన్నాడు, ఎడిటర్ వెనక కంపోజిటర్, వాళ్ళందరి వెనక బస్టాండు పుస్తకాల కొట్టు దగ్గర నిలబడ్డ పాఠకురాలు. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్న రోజుల్లో ఎలా ఎదురుచూసేవాళ్ళో మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ రచయితలు మాటలు లెక్కపెట్టుకున్నారో లేదో నాకు పట్టింపు లేదు. వాళ్ళ తరఫున లెక్కపెట్టే వ్యవస్థ ఒకటి ఉండేది. ఆ వారపత్రికలు చాలావరకు పోయాయి. వారం మాత్రం మిగిలింది. షీట్ అనేది ఆ పోయిన ఎడిటర్ ఖాళీ కుర్చీ. అందులో ఎవరో కూర్చున్నట్టు నటిస్తూ మనం దాని ముందు నిలబడతాం.

నటిస్తూ అన్నాను గానీ, ఇందులో ఒక అసలు చిక్కుంది. తనకి తాను ఇచ్చుకున్న మాట మనిషిని కట్టేస్తుందా? 1651లో వచ్చిన ‘లెవయతన్’లో థామస్ హాబ్స్ కట్టేయదన్నాడు. ఆయన తర్కం చాలా సాదా. కట్టు వేసినవాడే విప్పగలడు. వేసిందీ వేయించుకున్నదీ ఒక్కడే అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేసుకుంటాడు, కాబట్టి అసలు కట్టే లేనట్టు. ఆయన ఈ మాట రాజుల గురించీ చట్టాల గురించీ చెప్పాడు. కానీ ‘ఈ వారం మూడు వేల మాటలు’ అని శుక్రవారం రాత్రి అనుకుని, ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేచి ‘పోన్లే, వచ్చే వారం’ అనేసుకున్న ప్రతి రచయితకీ హాబ్స్ ఎంత కరెక్టో తెలుసు. మాట ఇచ్చింది నేనే. తీసుకుంది నేనే. మాఫీ చేసిందీ నేనే. ఇందులో మోసపోయింది ఎవరు?

మన ఊళ్ళలో దీనికి ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు: మొక్కు. మొక్కు నా అంతట నేనే మొక్కుకుంటాను, ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ మాట తీసుకున్నవాడు నేను కాదు, కొండ మీదున్నాడు. మాఫీ చెయ్యాలంటే ఆయనే చెయ్యాలి, ఆయన పేరేమో వడ్డికాసులవాడు. ఆలస్యమైతే బాకీ పెరుగుతుందే గానీ తరగదు. దీక్షలో ఇంకో తెలివి ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు నల్లబట్టలతో తిరుగుతాడు. వీధి వీధంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది. సిగరెట్ కోసం పాన్‌షాపు దాకా వెళ్తే పాన్‌షాపువాడే ‘ఏం స్వామీ!’ అంటాడు. దేవుడు చూసినా చూడకపోయినా పాన్‌షాపువాడు చూస్తాడు.

1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరవై ఒక్కమంది స్నేహితులు ఒక నెలలో ఒక్కొక్కరూ ఒక నవల రాసేద్దామని మొదలుపెట్టిన ‘నానోరైమో’ నాకు ఈ దీక్షలాగే కనిపిస్తుంది. ముప్ఫై రోజులు, 50,000 మాటలు. తర్వాత అది నవంబర్ నెల దీక్షగా ప్రపంచమంతా పాకింది. లక్షల మంది మాల వేసుకున్నారు. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూసేస్తున్నామని ప్రకటించింది. ఆ నవలల్లో ఎన్ని మంచివన్నది వేరే విషయం. అక్కడ పనిచేసింది లెక్క కాదు, సాక్షి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం రాత్రి ‘ఈ వారం 2,140’ అని పెట్టడం కూడా సాక్షిని వెతుక్కోవడమే. ఇబ్బందల్లా పాన్‌షాపువాడు చప్పట్లు కొట్టడు, గ్రూపు కొడుతుంది. నాలుగు వారాలు చప్పట్లు విన్నాక ఐదో వారం 600 అని పెట్టడానికి చెయ్యి రాదు. ఆ 600 నవల మొత్తంలో అతి కష్టమైన 600 అయినా సరే.

(ఇక్కడ ఫలం మీద ఆశ పెట్టుకోకు అని గీతలోంచి ఒక శ్లోకం పడుతుందని మీరు ఎదురుచూస్తుంటే, క్షమించాలి. ఆ శ్లోకం చదివాక ఎవరైనా షీట్ మానేశారని నేను వినలేదు.)

ఇంతకీ ఈ అంకె దేన్ని కొలుస్తోంది?

ఇంగ్లీషులో రోజుకి వెయ్యి మాటలు, ఐదొందల మాటలు అని చెప్పుకునే లక్ష్యాలని మనం అలాగే దించుకున్నాం. కంప్యూటర్ మాటంటే రెండు ఖాళీల మధ్య ఉన్నది అనుకుంటుంది. తెలుగు అలా పుట్టలేదు. ‘రానివ్వకపోయినందువల్లే’ అన్నది కంప్యూటర్‌కి ఒక్క మాట; అదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరేడు మాటలు కావాలి. నానోరైమో వాళ్ళ 50,000 మాటల్ని తెలుగులో పూర్తిచేస్తే వచ్చే పుస్తకం వాళ్ళు అనుకున్న దానికంటే బాగా లావుగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ‘వెళ్ళిపోయి ఉండవచ్చును’ అని రాస్తే రెండు మాటలు. ‘వెళ్ళిపోయుండొచ్చు’ అని రాస్తే ఒకటి. అంటే పుస్తకాల భాష రాసేవాడి లెక్క ఊరికే పెరుగుతుంది, మనుషులు మాట్లాడినట్టు రాసేవాడిది తరుగుతుంది. పాలమూరు యాసలోనో శ్రీకాకుళం యాసలోనో మాటని మాటలో కలిపేసి రాసేవాడు వారం చివర షీట్ ముందు బద్ధకస్తుడిగా తేలతాడు. యంత్రానికి దురుద్దేశం ఏమీ లేదు. కానీ రెండేళ్ళపాటు వారం వారం ఆ అంకె చూసుకునే మనిషి చెయ్యి తెలియకుండానే ఏ వైపు వాలుతుందో ఊహించడం కష్టం కాదు. ‘ఒక్కసారి’ని విడగొట్టి ‘ఒక్క సారి’ అని రాసే మనిషిని నేను చూశాను. ఆయన నవల బాగుంటుంది కూడా.

లెక్కపెట్టడం కొత్త పాపమేమీ కాదు. తాళపత్రాల రోజుల్లో ‘గ్రంథం’ అంటే ఒక కొలత: ముప్ఫై రెండు అక్షరాలు, అంటే ఒక అనుష్టుప్ శ్లోకమంత. వచనమైనా సరే ఇన్ని గ్రంథాలు అని కొలిచేవాళ్ళు. లేఖకుడికి కూలి కట్టడానికీ, ప్రతి పూర్తిగా ఉందా మధ్యలో ఏమైనా ఎగిరిపోయిందా చూసుకోవడానికీ అది పనికొచ్చేది. చూడండి, ఆ కొలత రాసినవాడిది, అంటే నకలు రాసినవాడిది. కట్టినవాడిది కాదు. నకలు చేసే పనిలో నిన్నటికంటే ఇవాళ ఎక్కువ గ్రంథాలు చేస్తే నిజంగానే ఎక్కువ పని జరిగినట్టు. మనం లేఖకుడి కొలతబద్ద తెచ్చి కవికి పెట్టాం. తర్వాత చేత్తో రాసిన కాలంలో లెక్క అరఠావుల్లో ఉండేది; అచ్చు లెక్క ఫారాల్లో, పదహారు పేజీలకొక ఫారం. అవన్నీ కాగితం లెక్కలు, కాగితానికి డబ్బవుతుంది కాబట్టి. వాటిని చూసి ‘నేను ఎదుగుతున్నానా?’ అని ఎవరూ అడిగి ఉండరు.

కొట్టేసిన మాటల సంగతి ఏమిటి? పోయిన ఏడాది ఒక వారం నా షీట్లో మైనస్ 4,300 అని పడింది. నవలలో ఒక పాత్ర పెళ్ళి మొత్తం తీసేశాను. పెళ్ళి తీసేశాక నవల ఊపిరి పీల్చుకుంది. ఆ వారం నా పుస్తకానికి అన్నిటికంటే మంచి వారం, షీట్లో అన్నిటికంటే ఎర్రగా ఉన్న వారం. ఫ్లోబేర్ ‘మదాం బొవారీ’కి దాదాపు ఐదేళ్ళు తీసుకున్నాడు, 1851 నుంచి 1856 దాకా. లూయీజ్ కొలేకి రాసిన ఉత్తరాల్లో వారానికి ఎన్ని పేజీలు కదిలాయో చెప్పుకుని ఏడుస్తూ ఉంటాడు. ఆయనా లెక్కే చెప్పాడు, ఒక మనిషికి, ఉత్తరంలో. ‘ఈ వారం ఇంతే’ అన్నదానికి ముందూ వెనకా ఎందుకో చెప్పే వాక్యాలుండేవి. సెల్‌లో ఆ చోటు లేదు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్ళు త్రిపురని, కాళీపట్నం రామారావుగారిని తీసుకొస్తారు. త్రిపుర కథలన్నీ కలిపి ఒక చిన్న సంపుటం. కారా మాస్టారికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం పేరు ‘యజ్ఞంతో తొమ్మిది’. పేరులోనే లెక్క ఉంది, ఎంత చిన్న లెక్కో. ఇంకోవైపు కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారిని ‘వెయ్యి నవలల కొవ్వలి’ అనేవాళ్ళు, అదీ లెక్కే. తక్కువ రాయడం గొప్ప, ఎక్కువ రాయడం చవకబారు అని మనలో ఒక నమ్మకం ఉంది. నాకు దాని మీద గౌరవం లేదు. కొవ్వలి నవలలు పట్టుకుని రైళ్ళలో చదవడం అలవాటు చేసుకున్న జనం లేకపోతే తర్వాత మన దగ్గర నవలకి ఆ పాఠకులు ఎక్కణ్ణుంచి వచ్చేవాళ్ళు? మా తరంలో త్రిపుర పేరు తరచుగా వినిపించేది రాయని వాళ్ళ నోట. కారా మాస్టారు రాయడం తగ్గించాక చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అవార్డుల డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టి, ఊరూరా తిరిగి ఇతరుల కథలు పోగుచేశారు. ఆయన షీట్ పెట్టుకుని ఉంటే ఆ ఏళ్ళన్నీ సున్నాలే.

సున్నాల గురించి మాట్లాడాలి, ఎందుకంటే సొంతంగా అచ్చేసుకునేవాళ్ళ జీవితంలో అవి చాలా ఎక్కువ. యూనికోడ్‌లో రాసిన నవలని పేజ్‌మేకర్ కోసం అను ఫాంట్లలోకి మారిస్తే ఎక్కడో ఒత్తులు విరుగుతాయి. నాలుగో ప్రూఫులో కూడా ‘క్ష’ ఒకచోట ముక్కలై కనిపిస్తుంది. అట్ట బొమ్మ వేసే కుర్రాడు ఫోన్ ఎత్తడు. ఐదొందల కాపీలు ఇంటికొస్తే మంచం కింద ఎక్కడ సర్దాలన్నదొక సమస్య. పోస్టాఫీసు క్యూలో ఒక శనివారం ఉదయం మొత్తం పోతుంది. పుస్తకాల పండగలో స్టాల్ పంచుకుంటే పది రోజుల సాయంత్రాలు పోతాయి. షీట్ ప్రకారం ఇవన్నీ రాయని వారాలు. ‘ప్రోగ్రెస్’ అనే మాటకి ముందుకి నడవడం అని అర్థం చెప్పుకుంటే, ఆ క్యూలో నేను ఏ వైపు నడుస్తున్నట్టు? కొందరు దీనికి ఇంకో నాలుగు కాలమ్స్ చేర్చుకుంటారు, ప్రూఫు పేజీలు, అమ్మిన కాపీలు, వచ్చిన రివ్యూలు అంటూ. నాకది రోగానికి ఇంకో డోసులా అనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ రచయితకీ షీటుకీ మధ్య గొడవలు. నేనీ వ్యాసం మొదలుపెట్టడానికి కారణం మూడో మనిషి.

ఆంథొనీ ట్రాలప్ అనే పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు వారం లెక్కలకి ఆదిపురుషుడు. పోస్టాఫీసు ఉద్యోగి. ఉద్యోగం చేస్తూనే ఏళ్ళ తరబడి రాసి, మొత్తం నలభై ఏడు నవలలు వదిలాడు. పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు. ఎదురుగా గడియారం. పావుగంటకి 250 మాటలు. కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా వారాలుగా గీతలు గీసిన డైరీ ఒకటి తయారుచేసుకునేవాడు. వారానికి సగటున నలభై పేజీలు, తగ్గితే ఇరవై, ఒకసారి మాత్రం నూట పన్నెండు. పేజీ అంటే ఎంతైనా కావచ్చు కాబట్టి తన పేజీ అంటే 250 మాటలు అని కూడా నిర్వచించుకున్నాడు. పోస్టాఫీసు బుర్ర! ఇవన్నీ ఆయన ఆత్మకథలో ఉన్నాయి. ఆయన పోయాక 1883లో అది అచ్చయినప్పుడు, నవలలు ఇలా తూకం వేసి రాశాడా అని చాలామంది ముఖం చిట్లించారని చెబుతారు. నాకు ఆ ముఖాల మీద సానుభూతి లేదు. చెప్పులు కుట్టేవాడు రోజూ పొద్దునే కూర్చుంటే తప్పు లేనప్పుడు రచయిత కూర్చుంటే ఏమిటి?

అదే పుస్తకంలో ఇంకో చిన్న సంగతి ఉంది, దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. ఐదున్నరకి ట్రాలప్ బల్ల ముందు ఉండాలంటే ఆయన్ని ఎవరో లేపాలి. గుర్రాలు చూసుకునే ఒక ముసలాయన లేపేవాడు. దానికి ఏడాదికి ఐదు పౌన్లు అదనం. వాల్తమ్ క్రాస్ అనే ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన ఒక్క రోజు కూడా కాఫీ ఆలస్యం చెయ్యలేదట. నా విజయానికి అందరికంటే ఎక్కువ రుణపడింది బహుశా అతనికేనేమో అంటాడు ట్రాలప్. ఆ పేరాలో అతని పేరు లేదు.

ఐదున్నరకి కాఫీ అందాలంటే, తెచ్చే మనిషి ఎన్నింటికి లేచి ఉండాలి? చలికాలం ఇంగ్లండులో, పొయ్యి రాజేసి? ఆ డైరీ వరుసల్లో ఆ అరగంట, ఆ ముప్పావుగంట ఎక్కడా లేదు. ఉన్నదల్లా పేజీలు.

మన దగ్గర ఇలాంటిదే ఒకటుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఇరవై తొమ్మిది రోజుల్లో పూర్తిచేశారని సాహిత్యం చదివే ప్రతివాళ్ళూ చెబుతారు. ఆ నవల ఎంత పెద్దదో తెలిసినవాళ్ళకి ఆ అంకె కళ్ళు తిరిగేలా ఉంటుంది. ఆయన చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. ఇరవై తొమ్మిది అన్నది అన్నగారి రికార్డుగా మిగిలింది. అదే ఇరవై తొమ్మిది రోజులు తమ్ముడి మణికట్టుకి ఎలా ఉండి ఉంటుందో నేను అప్పుడప్పుడూ ఊహించుకుంటాను. మాటల లెక్క ప్రకారం చూస్తే, కాగితం మీద పెట్టినవాడే రాసినవాడు అయితే, ఆ అంకె ఎవరిది?

నా స్నేహితురాలొకామె ఉద్యోగం చేస్తూ మూడేళ్ళుగా ఒక నవల రాస్తోంది. ఆమె షీట్ ఒకసారి చూపించింది. నాకున్న నాలుగు కాలమ్సే ఆమెకీ ఉన్నాయి, ఒకటి ఎక్కువ: ‘ఎవరు చూసుకున్నారు’. అంటే ఆ రెండు గంటలు పాపని ఎవరు చూసుకున్నారని. ఒక వరుసలో ‘అత్తయ్య’. ఒక వరుసలో ‘ఆయన (మ్యాచ్ లేదు)’. చాలా వరుసల్లో ‘నిద్రపోయాక’. నేను చూసిన మగ రచయితల షీట్లలో ఆ కాలమ్ ఎక్కడా లేదు, వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలు ఉన్నారు. ఆమె ఆ కాలమ్ ఏ స్త్రీవాద ప్రకటన కోసమూ పెట్టుకోలేదు. ఏ వారం ఎందుకు ఎన్ని మాటలు పడ్డాయో తెలుసుకోవాలంటే ఆ సమాచారం లేకుండా కుదరదు కాబట్టి పెట్టుకుంది. నాకెప్పుడూ ఆ అవసరం పడలేదంటే అర్థం, అదెప్పుడూ మారకుండా నా తరఫున ఒకరు చూసుకుంటూ ఉన్నారని.

ఆమె దగ్గరే నేను షీట్ గురించి ఇంకో సంగతి విన్నాను. ఇంట్లో మొదట్లో ఆమె రాస్తూ కూర్చుంటే ‘ఖాళీగా ఉన్నావా?’ అనేవాళ్ళట. కోపంతో కాదు, మామూలుగానే. ఆఫీసు పనికి జీతం స్లిప్పు ఉంది, వంటకి తినే మనుషులున్నారు, రాతకి ఏముంది చూపించడానికి? ఒక ఆదివారం ఆమె షీట్ మొత్తం అత్తగారికి చూపించిందట. ఇదిగో, ఇన్ని వారాలు, ఇన్ని మాటలు, ఇంకా ఇంత మిగిలింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంకెలన్నీ చూసి, ‘ఇంత పనా!’ అన్నారట. ఆ తర్వాత ‘ఖాళీగా ఉన్నావా’ ఆగిపోయింది. పనిగా ఎవరూ ఒప్పుకోని పనికి అంకె ఒక సాక్ష్యం అవుతుంది. ‘రచయిత’ అని ఇంట్లో, బయటా ఒప్పుకున్నవాడికి అదే అంకె అలంకారం అవుతుంది, హెమింగ్వే అట్టముక్కలా చేపలవేటకి పర్మిషన్ అవుతుంది. కాబట్టి లెక్కపెట్టడం మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడగడంలో నాకు ఆసక్తి పోయింది. ఎవరి దగ్గర నుంచి తీసుకున్న గంటలో ఆ అంకె పుట్టిందో తెలిస్తే గానీ ఆ అంకె గురించి ఏమీ చెప్పలేం.

దీని మీద ఆమెకీ నాకూ ఒక తేడా ఉంది, ఇంకా తెగలేదు. ఆ కాలమ్ అందరూ పెట్టుకోవాలని నేనంటాను. వద్దంటుంది ఆమె. ‘మీరు ఆ కాలమ్‌లో మీ ఆవిడ పేరు రాసి, ట్రాలప్ ఐదు పౌన్లు ఇచ్చినట్టు, బాకీ తీరిపోయిందనుకుంటారు. రాసుకోవడం సులువండీ. ఆదివారం అంట్లు మీరు తోమండి, కాలమ్ ఖాళీగా వదిలెయ్యండి,’ అంటుంది. ఆమె మాటలో నిజం ఉంది. కానీ అంట్లు తోమడం కూడా నా చేతుల్లో పడితే మూడో వారానికల్లా అదో అంకె అయి కూర్చుంటుందని నాకు నా మీద అనుమానం. రుణం గుర్తుపెట్టుకోవడం, రుణం తీర్చడం ఒకటి కావు. అయితే గుర్తే లేనివాడు తీర్చే ప్రసక్తి కూడా ఉండదు కదా.

ప్రస్తుతానికి నేను నా షీట్లో గంటల కాలమ్‌ని రెండు చేశాను: నావి, ఇంట్లో వాళ్ళవి. రెండోది నింపడం మొదటిదానిలా కాదు. కంప్యూటర్ దానంతటది లెక్కకట్టదు, వెళ్ళి అడగాలి. మొదటి వారం అడిగితే మా ఆవిడ ‘ఏంటి, ఇప్పుడు నాక్కూడా టైమ్‌షీటా?’ అంది. రెండో వారం నవ్వి ఊరుకుంది. మూడో వారం మాత్రం, ‘ముందు ఆ రెండు వేల మాటలేంటో చదివి వినిపించు, అప్పుడు చెప్తా నా గంటలు,’ అంది. చదివాను. మూడో పేజీ దగ్గర ఆపి, ఈయన ఇంతసేపు ఆ మెట్ల మీదే ఎందుకు నిలబడ్డాడని అడిగింది.